పందొమ్మిదో తేదీ చలి

జనవరి 6

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, మీ బావా, నా మోకాలి నొప్పీ ముగ్గురం క్షేమం. అక్కడ నువ్వూ, మరదలూ, పాపా చల్లగా ఉన్నారని రాయాలి గానీ, ఈ మధ్య ఆ మాట నా కలానికి రావడం లేదు. హాయిగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. జవాబు ఎందుకు రాయవని మీ బావ రోజూ అడుగుతున్నాడు. పని ఒత్తిడి అన్నాను. కాస్త గడ్డినేల, ఒక తెల్లపెట్టె, అందులో నాలుగు థర్మామీటర్లు ఉన్న వాతావరణ ఆఫీసులో పని ఒత్తిడేమిటని నవ్వాడు. ఆయన నవ్వితే నాకు ఒళ్ళు మండింది. ఈ మధ్య ఎవరు నవ్వినా మండుతోంది. నువ్వు మాత్రం కంగారు పడకు, ఒంట్లో బాగానే ఉంది.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. మోకాలికి డాక్టరు ఇచ్చిన పట్టీ కట్టుకుంటున్నాను, మెట్లు దిగేటప్పుడు మాత్రం చుక్కలు కనబడుతున్నాయి. మీ బావ సిగరెట్లు మానేశాడు, నేను చూస్తుండగా. కొత్త కళ్ళజోడు బాగా అమరింది, థర్మామీటరు మీద పదోవంతు గీత కూడా తెలుస్తోంది. మరదలు అల్లి పంపిన ఊలు తొడుగులకి వేళ్ళ కొసలు కత్తిరించేశాను, ఏమీ అనుకోవద్దని చెప్పు. వేళ్ళు బయట లేకపోతే పెన్సిలు పట్టుకోలేను. పాపకి జలుబు తగ్గిందని రాయలేదు నువ్వు. అది రాయకుండా నీ పుస్తకం గురించి రెండు పేజీలు రాశావు.

ఆ పుస్తకం ఆలోచన మంచిదే. ఏడాదిలో ప్రతి తేదీకీ ఒక పేజీ పెట్టి, ఆ తేదీన అన్ని ఊళ్ళకన్నా ఎక్కువ చలి ఎక్కడ నమోదైందో, ఎవరు నమోదు చేశారో రాయడం ఇంతవరకూ ఎవరికీ తట్టలేదు. జనవరి పందొమ్మిది పేజీ మా అక్కదే అని ఆఫీసంతా చాటుకున్నావట. 0.8 డిగ్రీలు చూసిన ఆ పొద్దున ఎలా అనిపించిందో ఒక పేరా రాసి, ఒక ఫోటో కూడా పంపమన్నావు. తమ్ముడూ, ఆ పేరా నాలుగుసార్లు మొదలుపెట్టాను. నాలుగుసార్లూ చించి పొయ్యిలో పడేశాను. ఎందుకో చెబుతాను. మధ్యలో ఆపకుండా చదువు.

ముందుగా ఊళ్ళో సంగతులు. పెద్ద కూడలిలో రాయి నిలబెట్టారు. నల్లరాయి మీద బంగారు రంగు అక్షరాలు. జనవరి పందొమ్మిది, 0.8 డిగ్రీలు, మన ఊరి గర్వకారణం అని రాసి, కింద మునిసిపాలిటీ కార్యదర్శి పేరు నా పేరుకన్నా రెండింతలు పెద్దగా చెక్కించారు, ఆ చలిని ఆయనే కని పెంచినట్టు. దాని పక్కనే దుప్పట్ల కొట్టాయన బోర్డు కట్టాడు. 0.8ని ఓడించిన దుప్పట్లు అని. ఆ అంకె వచ్చిన ఇరవై రెండేళ్ళ కిందట ఆయన కొట్టే లేదు, వాళ్ళ నాన్న అక్కడ గొడుగులు బాగుచేసేవాడు. మొన్న దారిలో ఆపి, నా చేతిలో ఒక దుప్పటి పెట్టి, ఫోటో దిగమన్నాడు. నవ్వమన్నాడు కూడా. నాకు ఆ దుప్పటి తాకితేనే కంపరం పుట్టింది. అది ఆయన చేతిలోనే వదిలేసి వచ్చేశాను. గర్వం తలకెక్కిందని ఊరంతా చెప్పాడట. చెప్పనీ.

బడిపిల్లల చేత ఆ అంకె వల్లె వేయిస్తున్నారు. నేను రోడ్డు మీద పోతుంటే సున్నా దశాంశం ఎనిమిది టీచరు అంటున్నారు, నేను టీచరుని కాకపోయినా. పిల్లలు కాబట్టి ముద్దుగానే అంటారు. ఇంటికొచ్చి మొహం కడుక్కుంటాను.

ఇక పోయినేడాది సంగతి. నీకు అప్పుడు సగమే రాశాను.

నాలుగేళ్ళ కిందట మీ ఆఫీసు నుంచి అన్ని ఊళ్ళకీ ఒక సర్క్యులరు వచ్చింది. అది నువ్వే రాశావని, పైవాళ్ళ చేత ఒప్పించడానికి ఏడాది తిరిగావని నాకు తెలుసు. ఒక తేదీన పొద్దుటి కనిష్ఠం ఆ ఊళ్ళో ఆ తేదీకి ఉన్న పాత రికార్డుకి ఒక డిగ్రీ దగ్గరికి వచ్చినా, దాన్ని దాటినా, ఆ సాయంత్రం మునిసిపాలిటీ హాలు తెరిచి, గూడు లేనివాళ్ళని పడుకోనివ్వాలి. ఏ ఊరి చలి ఆ ఊరిదే, ఏ రోజు చలి ఆ రోజుదే అని నువ్వు రాసిన వాక్యం చదివి మీ బావకి కూడా వినిపించాను. మా తమ్ముడు అనుకున్నాను.

ఇక్కడ అది బాగానే నడిచింది. పొద్దున ఎనిమిదింటికి నేను అంకె చూస్తాను, తొమ్మిదింటికి చీటీ మునిసిపాలిటీకి వెళుతుంది, కార్యదర్శి పాత రికార్డుల పట్టికతో పోల్చి చూసి తాళంచెవి ఇస్తాడు, లేదా ఇవ్వడు. మార్కెట్ అరుగుల మీద పడుకునేవాళ్ళు నలభై మంది దాకా ఉంటారు. వాళ్ళలో కత్తులకి సాన పట్టే ఒకాయన ఉండేవాడు. చక్రం తిప్పితే నిప్పురవ్వలు లేస్తాయని అందరూ ఆయన్ని రవ్వలాయన అనేవాళ్ళు, భార్యని రవ్వలామె అంటారు. తెల్లపెట్టె చుట్టూ గడ్డి కోసే మా కొడవలికి ఆయనే పదును పెట్టేవాడు. గడ్డి పెరిగితే అంకె చెడుతుందని నేను చెబితే, నా సాన సరిగ్గా లేకపోతే మీ చలి లెక్క తప్పుతుందన్నమాట అని మురిసిపోయేవాడు.

పోయినేడాది జనవరి పద్దెనిమిదిన 6.4 వచ్చింది. ఆ తేదీ పాత రికార్డు 6.1. హాలు తెరిచారు, అందరూ లోపల పడుకున్నారు. మర్నాడు పందొమ్మిదిన 5.9 వచ్చింది, ముందురోజు కన్నా చలి ఎక్కువే. కానీ పట్టికలో ఆ తేదీ పాత రికార్డు 0.8. దానికీ దీనికీ అయిదు డిగ్రీల దూరం. సాయంత్రం పక్కబట్టలు చంకన పెట్టుకుని వచ్చినవాళ్ళకి తాళం కనిపించింది. నిన్న తెరిచిన తలుపు నిన్నటికన్నా చలిగా ఉన్నప్పుడు ఎందుకు తెరవరో వాళ్ళకి అర్థం కాలేదు. నా దగ్గరకి వచ్చారు. నేను కార్యదర్శి దగ్గరకి వెళ్ళాను. ఆయన పళ్ళు కుట్టుకుంటూ పట్టిక చూపించాడు. మీ రికార్డేగా అడ్డమొచ్చింది అని నవ్వాడు. నేను తల ఊపి ఇంటికి వచ్చి, రెండు దుప్పట్లు కప్పుకుని పడుకున్నాను.

ఇరవయ్యో తేదీ పొద్దున ఊడ్చేవాళ్ళు మార్కెట్ అరుగు మీద రవ్వలాయన్ని లేపబోయారు. లేవలేదు. ఇంతవరకూ నీకు రాశాను. ముసలాయన, దగ్గు ఉండేది, పోయాడు అని రాశాను. జాలిగా జవాబు రాశావు. ఆ జవాబు చదివి నా మీద నాకే రోత పుట్టింది.

ఇప్పుడు రాస్తున్నాను తమ్ముడూ. ఆ 0.8 తప్పు.

నీకు తెలిసిన పాఠమే అయినా మరదలు కూడా చదువుతుంది కాబట్టి వివరంగా రాస్తాను. కనిష్ఠం చూసే థర్మామీటరు పడుకోబెట్టి ఉంటుంది. లోపల స్పిరిట్, అందులో పుల్లముక్కలాంటి సన్నటి సూచిక. చలి పెరిగేకొద్దీ స్పిరిట్ బల్బు వైపుకి కుంచించుకుంటూ సూచికని వెంట లాక్కుపోతుంది. ఎండెక్కాక స్పిరిట్ ముందుకి సాగుతుంది గానీ సూచిక అక్కడే ఉండిపోతుంది. బల్బుకి దూరంగా ఉన్న కొస దగ్గర అంకె చదవాలి. ట్రైనింగులో మొదటిరోజు చెప్పేది ఇదే. దగ్గరి కొస చదివినవాళ్ళని చూసి మేం వెక్కిరించేవాళ్ళం.

ఇరవై రెండేళ్ళ కిందట, ఆ జనవరి పదిహేడున, పాత థర్మామీటరు నా చేతిలోనే పగిలింది. పద్దెనిమిది మధ్యాహ్నం కొత్తది బిగించాను. పాతదానికి బల్బు ఎడమవైపు ఉండేది. కొత్తది వేరే తయారీ, దానికి కుడివైపు. పందొమ్మిది పొద్దున తొమ్మిదేళ్ళ అలవాటు చొప్పున నా కన్ను తిన్నగా కుడి కొసకి పోయింది. 0.8 అని చదివాను, రాశాను, టెలిగ్రాం కొట్టించాను. అంత చలిలో నిలబడ్డానని పొంగిపోయాను కూడా. ఆ పొద్దున మీ బావ తొట్టిలో నీళ్ళతోనే స్నానం చేసి, పాట పాడుకుంటూ వచ్చాడు. సున్నా దగ్గర ఎవరైనా పాడతారా? నాకు తట్టలేదు.

మర్నాడు పెట్టె తెరిచాక బల్బు కుడివైపు ఉందని గమనించాను, నిన్న నేను చదివింది దగ్గరి కొస. సూచిక పొడవు గీతల లెక్కన కొలిచాను. అయిదున్నర డిగ్రీలు. అంటే అసలు చలి 6.3. అంతకుముందు ఆ తేదీ రికార్డు 6.6. నిజం రాసినా రికార్డే అయ్యేది తమ్ముడూ. సొంత ఇంట్లోకి గోడ దూకి దొంగలా వెళ్ళినట్టయింది నా బతుకు.

అప్పటికే మీ పెద్దాఫీసు నుంచి అభినందనల తంతి వచ్చేసింది. పక్క ఊరి కేంద్రంలో ఆ పొద్దున 6.9. ఇరవై మైళ్ళ దూరంలో ఆరు డిగ్రీల తేడా ఎక్కడిదని అడగడానికి మీ పెద్దాఫీసులో ఏడు బల్లలు ఉన్నాయి. ఏడు బల్లల మీదా నా అంకె దర్జాగా నడిచిపోయింది, ఒక్కరూ కన్నెత్తి చూడలేదు. ఆ ఏడుగురినీ ఇన్నేళ్ళు మనసులో తిట్టుకుంటూ వచ్చాను, నా తప్పు వాళ్ళదే అన్నట్టు.

ఆ నెలలోనే నీ ఇంటర్వ్యూ. ఆ 0.8 ఆవిడ నీకేమవుతుందని అడిగారని, మా అక్క అనగానే అందరి మొహాలూ విప్పారాయని నువ్వు రాసిన కార్డు నా పెట్టెలో ఉంది. ఇప్పుడు నోరు విప్పితే పిల్లాడి ఉద్యోగం పోతుందని ఊరుకున్నాను. నీ కోసమే ఊరుకున్నానని ఇరవై రెండేళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే. నీకు ఉద్యోగం ఖాయమయ్యాక చెప్పొచ్చు కదా. చెప్పలేదు. నలుగురూ మెచ్చుకుంటుంటే బాగుండింది, అంతే. ఇది రాస్తుంటే నోరంతా చేదుగా ఉంది.

ఇందులో ఇంకా నీచమైన సంగతి ఒకటుంది. పోయినేడాది పందొమ్మిదిన వచ్చిన 5.9 ఉందే, అదే మన ఊరికి ఆ తేదీన అసలైన రికార్డు. నలభై మందీ తాళం చూసి వెనక్కి వెళ్ళింది ఆ రోజునే. పట్టికలో అది మామూలు రోజు. నీ నియమంలో తప్పేమీ లేదు. అందులో కుళ్ళింది నా అంకె ఒక్కటే.

ఈ ఏడు చలి పోయినేడాది లాగే ఉంది. ఇవాళ పొద్దున 6.7 వచ్చింది, హాలు తెరుస్తారు. చలి ఇలాగే ఉంటే ఈ నెలంతా తెరిచే ఉంటుంది. పందొమ్మిదిన మాత్రం తెరవరు. అందుకని మూడో తేదీన మునిసిపాలిటీకి వెళ్ళి, కార్యదర్శి ఎదురుగా కూర్చుని, ఇప్పుడు నీకు రాసిందంతా చెప్పాను. ఆ రోజుల్లో అంకెలు రాసుకున్న పెన్సిలు పుస్తకం కూడా చూపించాను. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చినట్టున్నాడు, కళ్ళు సగం మూసుకుని విన్నాడు. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“రాయి చెక్కించేశాం కదమ్మా,” అన్నాడు. “ఇప్పుడొచ్చి తప్పంటే ఎలాగ? మీ పెద్దాఫీసు ముద్రతో కాగితం తెండి, అప్పుడు చూద్దాం. అయినా ఏడాదిలో ఒక్కరోజే కదా.”

ఒక్కరోజే కదా అన్నాడు తమ్ముడూ. ఆ ఒక్కరోజున ఒక మనిషి పోయాడని చెప్పాను. ముసలాయనకి దగ్గుండేదట కదా అన్నాడు. అచ్చం నేను నీకు రాసిన మాటే. ఆయన నోట్లోంచి నా వాక్యమే విన్నాను. ఆయన్ని తిట్టడానికి నాకు నోరు లేదు. లేచి వచ్చేశాను.

దారిలో మార్కెట్ దగ్గర ఆగాను. రవ్వలామె ఇప్పుడు ఆ చక్రం తనే తిప్పుతోంది. పోయినేడాది నుంచి రోజూ సాయంత్రం నేను ఇంటికి పోతుంటే, ఇవాళ తలుపు తీస్తారా అమ్మా అని అడుగుతుంది. తీస్తారనో తీయరనో చెప్పి తలొంచుకుని పోతాను. ఆరోజు పోలేదు. సంచిలో తెచ్చుకున్న కొడవలి సాన పట్టమని ఇచ్చి, పక్కన అరుగు మీద కూర్చుని, మొత్తం చెప్పాను. సూచిక, బల్బు, కుడి కొస, ఎడమ కొస అన్నీ చెప్పాను. చక్రం ఆపకుండా వింది. నాకు అర్థం కాలేదమ్మా అంటుందని ఒక మూల పాడు ఆశ కూడా ఉండింది.

చక్రం ఆపి, “అయితే ఆరోజు తలుపు తియ్యాల్సిందేనా?” అంది.

తియ్యాల్సిందే అన్నాను.

కొడవలి అంచు బొటనవేలితో చూసుకుని, ఇంకా రెండు తిప్పులు తిప్పింది. పని సగంలో వదిలెయ్యలేదు. నన్ను తిట్టలేదు, ఏడవలేదు. పందొమ్మిదిన మా ఇంటికి వచ్చి పడుకోమని నేనే అడిగాను, ముందు గది ఖాళీయే కదా అన్నాను. అంటున్నప్పుడే సిగ్గేసింది.

“నలభై మందిమమ్మా. ఎవర్ని వదిలేసి రమ్మంటారు?” అని, కొడవలి పిడి నా వైపుకి తిప్పి చేతిలో పెట్టింది. “మీ గాజుగొట్టం మాటే వాళ్ళు వింటారు. ఈసారైనా దాని చేత సరిగ్గా చెప్పించండి.”

ఇంటికొచ్చి మీ బావకి చెప్పాను. అంతా విని, లేచి పనిముట్ల పెట్టెలోంచి సుత్తి తీసి బల్ల మీద పెట్టాడు. పందొమ్మిదిన ఆ తాళం నేనే పగలగొడతానన్నాడు. ఈ వయసులో జైలుకి పోతావా అంటే, అక్కడ గోడలుంటాయిగా, చలెయ్యదులే అన్నాడు. సుత్తి ఇంకా బల్ల మీదే ఉంది. దాని పక్కనే కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇక నీ సంగతి. రికార్డుల పట్టిక దిద్దే అధికారం మీ విభాగానిది. ముద్ర నీ బల్ల సొరుగులో ఉంటుంది. ఈ ఉత్తరంతో పాటు నా సంతకంతో ఒక వాంగ్మూలం పెట్టాను. ఆ నాలుగు రోజుల పెన్సిలు పుస్తకం పేజీలు, సూచిక కొలిచిన కాగితం కూడా ఉన్నాయి. ఆ కాగితం నేను పారెయ్యలేదు, ఎందుకో నాకే తెలియదు. 0.8 కొట్టేసి, పోయినేడాది 5.9ని ఆ తేదీ రికార్డుగా వేసి, ముద్ర కొట్టిన నకలు ఇక్కడి మునిసిపాలిటీకి పంపు. ఉత్తరం నాలుగు రోజుల్లో నీకు చేరుతుంది. పదిహేడు లోపు కాగితం ఇక్కడ ఉండాలి.

నీకేం గుర్తొస్తుందో నాకు తెలుసు. పుస్తకం అచ్చుకి వెళ్ళే వేళ. ఆఫీసులో అందరికీ చెప్పుకున్నావు. నీ పైఅధికారి దగ్గరకి వెళ్ళి, మా అక్క అంకె తప్పు, అది చూసుకునే నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నారు అని ఒప్పుకోవాలి. తల కొట్టేసినట్టుంటుంది. నా ఉద్యోగం పోవచ్చు, రెండేళ్ళ సర్వీసే మిగిలింది, పోతే పోనీ. కూడలిలో రాయి ఏంచేసుకుంటారో వాళ్ళిష్టం, బట్టలుతుక్కోవడానికి పనికొస్తుంది. నీకు మాత్రం నా వల్ల తలవంపులు వస్తాయి. అందుకు క్షమించమని అడగను, ఎందుకంటే నువ్వు క్షమిస్తావు, దాంతో నాకు హాయిగా ఉంటుంది. అది నాకు వద్దు.

ఆ కాగితం రాకపోతే ఏం జరుగుతుందో కూడా రాస్తున్నాను, తర్వాత చెప్పలేదని అనకు. పందొమ్మిది పొద్దున ఎనిమిదింటికి పెట్టె తెరుస్తాను. సూచిక ఏ అంకె దగ్గర ఉన్నా సరే, చీటీ మీద 1.8 అని రాస్తాను. పాత రికార్డుకి సరిగ్గా ఒక డిగ్రీ దూరం. తలుపు తెరవడానికి అంతే కావాలి, అంతకన్నా పదోవంతు కూడా కిందికి దించను. మీ ఏడు బల్లలూ దాన్ని కూడా ఆపవు, నాకు నమ్మకముంది. ముప్ఫై ఒక్కేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. అన్నేళ్ళలోనూ తప్పు అంకె ఒక్కసారే రాశాను, అదీ కన్ను పొరపాటు. ఇది నా చెయ్యి తెలిసి రాసేది అవుతుంది.

నా చేత అది రాయించకు తమ్ముడూ.

ఇట్లు,
నీ కాగితం కోసం ఎదురుచూసే
అక్క